పాత భర్మార్ తుపాకి: ఎవరు చేశారు, ఏ కాలానిది అని తేల్చుకునే పద్ధతి

లాక్ ప్లేటు (పేల్చే యంత్రాన్ని మోసే పక్క ఇనుప పలక) మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘టవర్’ అని కనిపించగానే చాలామంది అది లండన్ టవర్ కోటలో తయారైన తుపాకి అనుకుంటారు. కింద 1862 అని ఉంటే వయసు కూడా తేలిపోయినట్టే. రెండూ తప్పయ్యే అవకాశం బాగా ఉంది. మూతి నుంచి మందు దట్టించే తుపాకుల్లో, అంటే పత్రికలు భర్మార్ అనీ, లైసెన్సు కాగితాలు ఎస్.బి.ఎం.ఎల్. (ఒంటి గొట్టం, మూతి నుంచి దట్టించేది) అనీ రాసేవాటిలో, పైకి కనిపించే పేరును అన్నిటికంటే ఆఖరున నమ్మాలి. గొట్టం పొడవు, లోపలి వ్యాసం, నిప్పు అంటించే పద్ధతి, గొట్టం అడుగున ఎవరూ చూడని చోట కొట్టిన ముద్ర: ఇవి చెప్పింది విన్నాకే పేరు దగ్గరికి రావాలి.

మన దేశంలో పాత ఇళ్లలో, సంస్థానాల ఆయుధశాలల్లో ఎక్కువగా కనిపించేవి ఈస్టిండియా కంపెనీ తుపాకులు, బ్రిటిష్ సైన్యపు రైఫిల్ అయిన ఎన్‌ఫీల్డ్ తరహావి, వాటి నకళ్లు. కాబట్టి ఇక్కడి వివరాలు ముఖ్యంగా వాటి గురించే.

ముందు లోపల మందు లేదని తేల్చుకోండి

గోడకు వందేళ్లు వేలాడిన తుపాకిలో కూడా మందూ గుండూ ఉండొచ్చు. పాతకాలపు నల్ల తుపాకి మందు పొడిగా ఉన్నంతకాలం చావదు.

మూతి ఎవరి వైపూ లేకుండా, మీ ముఖం మూతికి ఎదురుగా రాకుండా పడుకోబెట్టండి. నిపుల్ (గొట్టం వెనక ఉండే చిన్న మొలక) మీద టోపీ (దెబ్బ తగిలితే నిప్పు రేపే చిన్న లోహపు మూత) లేదని చూడండి. సన్నటి చెక్క కర్రను గొట్టంలోకి అడుగు తగిలేదాకా నెమ్మదిగా పోనిచ్చి, మూతి అంచు దగ్గర కర్ర మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. కర్ర బయటకు తీసి, గీత మూతి అంచుకు సరిపోయేలా గొట్టం పక్కన ఆనించండి. ఖాళీ గొట్టమైతే కర్ర కొన చెకుముకి తుపాకిలో రంజకం (నిప్పు అంటించే మందు) రంధ్రం దగ్గరికి, టోపీ తుపాకిలో నిపుల్ ఉన్న చోటికి రావాలి. రెండు మూడు సెంటీమీటర్లు ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అది గుడ్డ పేలికో కందిరీగ గూడో కావచ్చు, దట్టించిన గుండూ కావచ్చు. కర్ర ఆ తేడా చెప్పలేదు. మీరు తీయాలని చూడొద్దు. వేడి చేయడం, డ్రిల్లు పెట్టడం, గజంతో (మందు దట్టించే కడ్డీతో) పొడవడం అసలే వద్దు. లైసెన్సున్న తుపాకుల డీలరుకో పోలీసు ఆర్మరర్‌కో (ఆయుధాలు చూసుకునే మెకానిక్) అప్పగించాల్సిన పని అది.

చట్టం మాట కూడా ఇక్కడే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 పాత నమూనా ఆయుధాలకూ పురావస్తు విలువ ఉన్నవాటికీ మినహాయింపు ఇస్తుంది. కానీ షరతు గట్టిది: బాగుచేసినా సరే పేలే అవకాశం ఉండకూడదు, పేల్చే ఉద్దేశమూ ఉండకూడదు. చాలా భర్మార్లు బాగుచేస్తే పేలతాయి, అంటే వాటికి లైసెన్సు కావాలి. తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయి ఉంటే తుపాకి పరిశీలించడానికి ముందే స్టేషన్లో మాట్లాడండి. తుపాకి మీది పేరూ నంబరూ చెరపడం, మార్చడం సెక్షన్ 8 కింద నేరం. వందేళ్లు దాటిన వస్తువును విదేశానికి పంపాలంటే 1972 పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది.

చేతిలో ఉండాల్సినవి

టేపు, లోపలి కొలత తీసే వెర్నియర్ కాలిపర్, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, సన్నటి టార్చి, మెత్తటి నూలు గుడ్డ, తేలికపాటి మిషను నూనె, ఫోను కెమెరా. మర గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు కూడా. గాడి కంటే సన్నటిదైతే జారి అంచు తినేస్తుంది, ఆ గాయం ఇక పోదు.

గరుకు కాగితం, తీగ బ్రష్షు, చింతపండు దూరంగా పెట్టండి. ఇత్తడి పట్టీలను చింతపండుతో తళతళలాడించిన మర్నాడే చాలా తుపాకులు తమ విలువలో మంచి భాగం పోగొట్టుకున్నాయి. ఇనుము మీద గోధుమరంగు పొర ఏకంగా ఉందా, ఒకచోట తేడాగా ఉందా అన్నదే ఏ భాగం తర్వాత మార్చారో చెబుతుంది. ఆ పొర గీకేస్తే సాక్ష్యం పోయినట్టే.

అరిగిన ముద్ర చదవాలంటే గది చీకటి చేసి టార్చిని ఇనుము మీదకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి కొట్టండి. నాలుగు వైపుల నుంచీ వెలుగు మార్చి నాలుగు ఫొటోలు తీయండి. ఒక్కో గీత ఒక్కో కోణంలోనే లేస్తుంది. ఇంకా తెలియకపోతే కొద్దిగా టాల్కం పౌడరు అద్ది, పైది తుడిచేయండి. విభూతి మాత్రం వాడొద్దు, బూడిదలోని లవణాలు తేమ లాగి తుప్పు పట్టిస్తాయి.

మొదటి మెట్టు: నిప్పు ఎలా అంటుకుంటుంది

జామగి తాడు (నెమ్మదిగా కాలే వత్తి) పట్టుకునే పాము ఆకారపు మీట ఉంటే అది జామగి తుపాకి. పలుగుల మధ్య చెకుముకి రాయి పట్టే గుర్రం (ట్రిగ్గరు నొక్కితే పడే మీట), ఎదురుగా ఉక్కు పలక, కింద రంజకం చెవి ఉంటే చెకుముకిది. గొట్టం చివర చిన్న నిపుల్, దాని మీద పడే గుంట గుర్రం ఉంటే టోపీ తుపాకి.

కంపెనీ సైన్యం టోపీ పద్ధతికి మారింది 1840లో. బ్రిటిష్ సైన్యం అంతకు కాస్త ముందే మొదలుపెట్టింది. కాబట్టి కంపెనీ ముద్ర, 1840కి ముందు సంవత్సరం ఉండి, పైన నిపుల్ కనిపిస్తే అది దాదాపు ఖాయంగా చెకుముకి నుంచి మార్చినది. లాక్ ప్లేటు మీద వెతకండి: రంజకం చెవి ఉన్న చోట అతికిన వంపు, ఉక్కు పలక స్ప్రింగు మరకు చేసిన రంధ్రం పూడ్చిన గుండ్రటి మచ్చ. ప్లేటు లోపలి వైపు ఆ మచ్చ ఇంకా స్పష్టంగా ఉంటుంది. అలాంటి తుపాకికి రెండు తేదీలు, పుట్టినదీ మారినదీ. రెండూ రాసుకోవాలి.

టోపీ తుపాకి కనబడగానే పందొమ్మిదో శతాబ్దం అని రాసేయకండి. పంటలు కాపాడుకునే లైసెన్సుల కోసం బీహార్‌లోని ముంగేర్‌లాంటి చోట్ల ఒంటి గొట్టం, జంట గొట్టాల భర్మార్లు ఇరవయ్యో శతాబ్దమంతా చేశారు. వాటి మీద ఫ్యాక్టరీ పేరు, వరుస నంబరు ఉంటాయి. ఎన్‌ఫీల్డ్ కాలపు సైనిక తుపాకులకు మనం అనుకునే అర్థంలో వరుస నంబరే ఉండదు. బట్ ప్లేటు మీద కనిపించే అంకెలు రెజిమెంటు నంబర్లు, ఆయుధశాలలో తుపాకి పెట్టే అర (ర్యాక్) నంబర్లు. వాటితో తయారైన ఏడాది తేలదు.

రెండో మెట్టు: కొలతలు

గొట్టం పొడవును మూతి నుంచి వెనక బిరడా గొట్టాన్ని కలిసే గీత దాకా కొలవండి. వెనక తోక లెక్కలోకి రాదు. లోపలి వ్యాసాన్ని మూతి అంచు దగ్గర కాకుండా కాలిపర్ పలుగులు పోయినంత లోపల, మూడు దిక్కుల్లో తీయండి. గజం రాపిడికి మూతి కోడిగుడ్డులా సాగి ఉంటుంది. అక్కడి కొలత నమ్మితే తుపాకి జాతే మారిపోతుంది.

46 అంగుళాలు (సుమారు 117 సెం.మీ.), వ్యాసం 0.75 అంగుళం (19 మి.మీ.) దగ్గర ఉంటే బ్రౌన్ బెస్ (బ్రిటిష్ సైన్యపు గాడుల్లేని చెకుముకి తుపాకి) మస్కెట్లలో పొడుగు రకం. 42 అంగుళాలైతే పొట్టి రకం. 39 అంగుళాలు (99 సెం.మీ.) ఉండి వ్యాసం అంతే ఉంటే ఇండియా ప్యాటర్న్. ఇది కంపెనీ తన కోసం చేయించుకున్న నమూనా. ఫ్రాన్సుతో యుద్ధంలో తుపాకులు చాలక సైన్యానికి ఆయుధాలు సమకూర్చే బ్రిటిష్ ఆర్డ్‌నెన్స్ శాఖ ఈస్టిండియా కంపెనీ నిల్వలు కొనుక్కుంది, 1797లో ఆ నమూనానే తనదిగా తీసుకుంది. ఇందులో గుర్రం మెడ చూడండి. హంస మెడలా సన్నగా వంగి ఉంటే పాత రకం, మెడ మధ్య రంధ్రంతో దిట్టంగా ఉంటే 1809 తర్వాతది. గుర్రం విరిగి మార్చి ఉండొచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పొద్దు.

అదే 39 అంగుళాలు, వ్యాసం 0.577 (14.66 మి.మీ.), గొట్టాన్ని చెక్కకు బిగించే మూడు పట్టీలు, లోపల 78 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మూడు గాడులు ఉంటే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్. రెండు పట్టీలు, 33 అంగుళాల గొట్టమైతే పొట్టి రైఫిల్. మూతి దగ్గర ఎదురెదురుగా రెండే లోతైన గాడులుంటే అది ఎన్‌ఫీల్డ్ కాదు, అంతకు ముందటి బ్రన్స్‌విక్ రైఫిల్.

మూడు పట్టీలు, 39 అంగుళాలు ఉండి గాడులు లేకపోతే కాస్త ఆగండి. 1857 తిరుగుబాటు తర్వాత దేశీ సిపాయిల చేతికి గాడుల రైఫిల్ ఇవ్వడం మానేసి, ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని 0.656 అంగుళానికి (16.66 మి.మీ.) తొలిచిన 1858 నమూనా తెచ్చారు. దానికి 900 గజాల దాకా లేచే నిచ్చెన గురి ఉండదు, కదలని మామూలు గురి ఉంటుంది. ఇదే ఎన్‌ఫీల్డును తర్వాత రవ్వలు (చిన్న సీసపు గుళ్లు) వేసి వేటాడటానికి ప్రైవేటుగా తొలిపించినవాళ్లూ ఉన్నారు. రెండిటినీ విడదీసేవి ముద్రలే.

మూడో మెట్టు: బయటి ముద్రలు

గొట్టం వెనక భాగం ఎడమ వైపు చూడండి. పరీక్ష (ప్రూఫ్) ముద్రలు, అంటే గొట్టం దెబ్బకు తట్టుకుంటుందని పేల్చి చూసి కొట్టినవి, అక్కడే ఉంటాయి. కిరీటం కింద జి, పి అక్షరాలు పెనవేసుకుని, పక్కన కిరీటం కింద వి ఉంటే లండన్ గన్‌మేకర్స్ కంపెనీ పరీక్ష. కిరీటం కింద అడ్డంగా వేసిన రెండు రాజదండాలు, వాటి సందుల్లో బి, పి, సి అక్షరాలు, ఇంకో ముద్రలో వి ఉంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్. ఆ సంస్థ 1813లో మొదలైంది, ఆ ముద్రలు 1904 దాకా సాగాయి. వాటితో పాటు 25 అని ఒకటి రెండుసార్లు కొట్టి ఉంటే అది బోర్ సంఖ్య. సీసం పౌనుకు ఎన్ని గుళ్లు వస్తాయన్న లెక్క, సంవత్సరం కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జి ఉంటే బెల్జియంలోని లియేజ్. దాని మీద కిరీటం ఉంటే 1893 తర్వాతది.

ప్రభుత్వ సైనిక తుపాకులకు ఈ వ్యాపార ప్రూఫ్ ముద్రలు ఉండవు. లాక్ ప్లేటు తోక దగ్గర కిరీటం, కింద విక్టోరియా రాణిని సూచించే వి, ఆర్ అక్షరాలు, గొట్టం మీదా కట్ట (గొట్టాన్ని మోసే చెక్క) మీదా ప్రభుత్వ ఆస్తి అని చెప్పే వెడల్పు బాణం గుర్తు, ప్రతి భాగం మీద కిరీటంతో చిన్న తనిఖీ అంకెలు ఉంటాయి. రెండు బాణాలు మొనలు తాకేలా ఎదురెదురుగా ఉంటే సైన్యం అమ్మేసిన తుపాకి. బాణం దగ్గర ఐ అక్షరముంటే భారత ప్రభుత్వ నిల్వలది. లాక్ మీద ‘ఎన్‌ఫీల్డ్’ అని ఉంటే ప్రభుత్వ ఫ్యాక్టరీ. ‘టవర్’ అంటే బర్మింగ్‌హామ్, లండన్ కాంట్రాక్టర్ల చేత చేయించి ప్రభుత్వం తనిఖీ చేసినది. ఇక కిరీటముంది, ‘టవర్’ ఉంది, వి, ఆర్ అక్షరాలు మాత్రం లేవు అంటే వ్యాపార తుపాకి, ప్రభుత్వంతో దానికి సంబంధం లేదు. 1861–63 సంవత్సరాలతో ఇలాంటివి వేల కొద్దీ అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లాయి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు పాత వస్తువుల సంతల్లో ఎదురయ్యేవి ఎక్కువగా ఇవే.

కంపెనీ గుర్తులు రెండు. 1808 దాకా హృదయాకారం నాలుగు గదులుగా చీలి, గదికొక్కటిగా వి, ఈ, ఐ, సి అక్షరాలు, పైన 4 అంకెలాంటి గీత. ఆ తర్వాత వెనక కాళ్ల మీద లేచి కిరీటం పట్టుకున్న సింహం. హృదయం గుర్తున్న లాకుల మీద తోక దగ్గర కాంట్రాక్టరు పేరూ ఏడాదీ ఉండడం పరిపాటి. కంపెనీ పాలన 1858లో పోయింది కాబట్టి సింహం పక్కన 1870 అని ఉంటే ఎవరో పెషావర్ అవతల తీరిగ్గా చెక్కిన నకలు.

గొట్టం పైన పొడుగ్గా చెక్కిన కలకత్తా, మద్రాసు దుకాణాల పేర్లను జాగ్రత్తగా చదవండి. కలకత్తా మాంటన్, రాడ్డా, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పేర్లు ఎక్కువగా అమ్మిన కొట్టువి. తయారీ బర్మింగ్‌హామ్‌లోనో లియేజ్‌లోనో జరిగి ఉంటుంది. పేరొకటి, ప్రూఫ్ ముద్ర ఇంకొకటి చెబితే ముద్రనే నమ్మండి. ‘మాంటన్’ అన్న మాట చౌక తుపాకుల మీద ఎంత విరివిగా చెక్కారంటే, బెల్జియం ముద్ర ఉన్న మాంటన్ కనిపిస్తే ఇక పేరు గురించి ఆలోచించనక్కర్లేదు.

దేశీ తుపాకులు, వాటి సంవత్సరాలు

హైదరాబాద్ ప్రాంతపు తుపాకి మీద ఉర్దూ అంకెల్లో 1283 ఉందనుకోండి. హిజ్రీ అయితే అంకెను 0.97తో గుణించి 622 కలపాలి: 1866 వస్తుంది. ఫస్లీ (రెవెన్యూ లెక్కల శకం) అయితే 590 కలిపితే 1873. ఏడేళ్ల తేడా. నిజాం పాలనా కాగితాల్లో ఫస్లీ బాగా నడిచింది కాబట్టి, పక్కన ఏ శకమో రాసి లేకపోతే రెండూ రాసి పెట్టుకోవడమే నిజాయితీ. గుర్రంకొండ, గుత్తి వైపు హైదర్, టిప్పు ఏలిన ప్రాంతాల్లో మరో చిక్కుంది. టిప్పు వాడిన మౌలూదీ శకంలో అంకెలను కుడి నుంచి ఎడమకు రాశారు. 2221 అని కనిపిస్తే 1222 అని చదవాలి, అది సుమారు 1794. పులిచారల అలంకారం కూడా ఉండి అంకెలు ఇలా తిరగబడి ఉంటే తుడవకుండా గుడ్డలో చుట్టి మ్యూజియం వాళ్లకు చూపించండి.

ఏ అంకే లేని జామగి తుపాకికి ఆకారం చూసి ఏడాది చెప్పడం సాధ్యం కాదు. దక్కనులో ఆ నమూనా తరాల తరబడి పెద్దగా మారలేదు. శతాబ్దం దాకా చెప్పి ఆగడం మంచిది.

నాలుగో మెట్టు: లోపల

లాక్ విప్పాలంటే గుర్రాన్ని సగం పైకెత్తిన మెట్టులో నిలపండి. ఎడమ వైపున్న రెండు మరలను నాలుగైదు చుట్లు వదులు చేసి, వాటి తలల మీద చెక్క పిడితో మెల్లగా తట్టండి. లాక్ తనంతట తానే కుడి వైపుకు జరుగుతుంది. అప్పుడు మరలు పూర్తిగా తీయండి. ప్లేటు అంచులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదోస్తే కట్ట చెక్క పెచ్చులూడుతుంది. ఈ పొరపాటు ఎంత మామూలంటే, చాలా తుపాకుల్లో లాక్ చుట్టూ చెక్క విరిగి కనిపించడానికి కారణం ఇదే.

గొట్టం పట్టీలతో ఉంటే పట్టీలు, తోక మర తీసి తుపాకిని తలకిందులు చేసి గొట్టాన్ని అరచేతిలోకి దింపుకోండి. మూతి పట్టుకుని పైకి లేపితే తోక వెనక చెక్క చీలుతుంది. బ్రౌన్ బెస్ తరహాలో సన్నటి సూదులతో బిగించినదైతే మీరు విప్పొద్దు. వెనక బిరడా మరను ఏ తుపాకిలోనూ ముట్టుకోవద్దు.

గొట్టం అడుగున గొట్టం చేసినవాడి పొడి అక్షరాలో పూర్తి పేరో దొరుకుతుంది. లాక్ ప్లేటు లోపల లాక్ చేసినవాడిది. ఉదాహరణకు వుల్వర్‌హాంప్టన్ బ్రేజియర్ పేరు మంచి లాకుల్లో కనబడుతుంది. అందుకే ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు తరచుగా ముగ్గురు జవాబుదారులు: గొట్టం ఒకరిది, లాక్ ఒకరిది, అన్నీ కూర్చి పేరు వేసుకున్నది మరొకరు. రాసేటప్పుడు ముగ్గురినీ వేరుగా రాయండి.

మరల మీదా, లాక్ లోపలా, గొట్టం కిందా ఆకురాయితో పెట్టిన చిన్న గాట్లు వెతకండి. మూడు గాట్లో, రోమన్ అంకెలో ఉంటాయి. చేతిపనితో చేసిన తుపాకిలో ఒకదాని మర ఇంకొకదానికి సరిపోదు, అందుకే ఒక తుపాకి భాగాలన్నిటికీ ఒకే గుర్తు. గొట్టానికి నాలుగు గాట్లు, లాకుకు ఏడు ఉంటే అవి వేరే తుపాకులవి. ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ, లండన్ ఆర్మరీ కంపెనీ (1856–66) యంత్రాలతో ఒకే కొలతకు చేశాయి కాబట్టి వాటికి ఈ గాట్ల అవసరం రాలేదు. ‘ఎన్‌ఫీల్డ్’ లాకున్న తుపాకి గొట్టం కింద గాట్లు కనిపిస్తే లాక్ తర్వాత వచ్చిందని అర్థం.

మోసపోయే చోట్లు

పెషావర్ అవతల ఖైబర్ ప్రాంతంలో చేసిన నకళ్లలో ఎన్ అక్షరం తిరగబడి ఉండడం, కిరీటం వంకర, అక్షరాల మధ్య ఎడం ఎగుడుదిగుడు మామూలు. అసలుది ఒక్క దెబ్బతో అచ్చు కొట్టినది, నకలు గీతగా చెక్కినది. భూతద్దంలో గీత అడుగు చూస్తే ఉలి జారిన మెట్లు తెలుస్తాయి. విక్టోరియా పోయింది 1901లో, ఆమె అక్షరాల కింద 1905 ఉంటే ఇక చూడక్కర్లేదు.

దేవనాగరి అక్షరాలున్నంత మాత్రాన నేపాల్‌లో చేసినట్టు కాదు. ఖాట్మండూ ఆయుధశాలలో శతాబ్దం పైగా పడి ఉన్న తుపాకులను 2003లో అమెరికా వ్యాపారులు కొన్నారు. వాటిలో బ్రిటన్‌లో చేసి నేపాల్‌లో అర నంబరు కొట్టినవీ, అక్కడే చేసిన నకళ్లూ కలిసి ఉన్నాయి. బ్రిటిష్ ప్రూఫ్, తనిఖీ ముద్రలు ఉన్నాయా లేదా అన్నదే గీటురాయి.

కొత్త నకళ్లు పట్టుకోవడం తేలిక. ఇటలీవైతే పి, ఎన్ అక్షరాలు, పైన నక్షత్రం, చిన్న గడిలో రెండక్షరాల సంవత్సర సంకేతం (ఏఏ అంటే 1975) ఉంటాయి. మెట్రిక్ మరలు కూడా కొత్తదని చెప్పేస్తాయి.

అన్నీ కలిపి చదవడం

ఒక తుపాకి ఇలా ఉందనుకుందాం. గొట్టం 39 అంగుళాలు, మూడు పట్టీలు, గాడులు లేవు, వ్యాసం 16.5 మి.మీ. లాక్ మీద కిరీటం, టవర్, 1862. వి, ఆర్ లేవు. గొట్టం మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్, 25 రెండుసార్లు. బాణం ఎక్కడా లేదు. వ్యాసం చూస్తే సిపాయిల 1858 నమూనాలా ఉంది, అమ్మేవాడు అదే చెబుతాడు. కానీ 25 బోర్ అంటే ప్రూఫ్ చేసిన రోజు గొట్టం 0.577 దగ్గర ఉంది. ప్రభుత్వ ముద్ర ఒక్కటీ లేదు. కాబట్టి ఇది 1862లో బర్మింగ్‌హామ్ వ్యాపారులు చేసిన ఎన్‌ఫీల్డ్, తర్వాతెప్పుడో ప్రైవేటుగా తొలిచినది. లాక్, గొట్టం గాట్లు కలిస్తే 1862 మొత్తం తుపాకికి వర్తిస్తుంది, కలవకపోతే లాకుకే.

తేదీల మధ్య తగవు వస్తే లెక్క ఒకటే: మార్చని భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏ ఏటిదో, తుపాకి అంతకంటే పాతది కాలేదు. మార్చిన భాగాల తేదీ మరమ్మతుదే.

చివరగా ఒక కాగితం మీద కొలతలు, ప్రతి ముద్ర బొమ్మ, అది ఉన్న చోటు, గాట్ల సంఖ్య, మార్చిన భాగాలు రాయండి. ‘చూసినది’ ఒక వరుసలో, ‘అనుకున్నది’ ఇంకో వరుసలో వేరుగా పెట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియంలోనో మరోచోటో తెలిసినవారి ముందు పెట్టేది ఈ కాగితం, ఫొటోలు. తుపాకిని సంచిలో వేసుకుని బస్సెక్కకండి.